గాజుతొట్టె, బోరునీరు

మబ్బు వంక చూచుటే సేద్యములో సగము పనియైన ఈ అనంతపురపు మెట్టనేలపై, ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడిన అదే పదివేలనుకొను ఊరిలో, ఒక గృహస్థు తన ముందుగదిలో 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల గాజుతొట్టెను నిలిపి, అందు 50 లీటర్ల నీరు నింపి, చేపలను సాకుచున్నాడని విన్నవారికి మొదట విస్మయమును, ఆ వెంటనే ఆక్షేపణయు కలుగుట సహజము. మా వీధిలో వేరుసెనగ పండించి పండించి వయసు మీరిన పెద్దాయన యొకరు ఆ తొట్టెను తొలిసారి చూచినప్పుడు, తలగుడ్డ తీసి చేతబట్టుకొని, చాలసేపు మాటాడక నిలిచి, "మనకే నీళ్లు సాలక ట్యాంకరు కోసరం బిందెలు వరస పెట్టుకుంటా ఉంటే, సేపలకు ఇన్ని నీళ్లా అయివారూ?" అని యడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చెప్పుటకు నాకు రెండేండ్లు పట్టినది.

బెంగుళూరు పోయినప్పుడు ఒక అంగడిలో నియాన్ టెట్రాలను చూచి ముచ్చటపడితిని. వ్రేలి కణుపంత దేహము, దానిపై దీపము వెలిగించినట్లు నీలిచార, ఆ చారక్రింద ఎఱ్ఱచార. పన్నెండింటిని సంచిలో కట్టించుకొని రాత్రి బస్సుకు వచ్చి, తెల్లవారుజామున కొత్త తొట్టెలో మా బోరునీరు నింపి, ఆ గడియలోనే వానిని విడిచితిని. సాయంకాలమునకు అవి నీటిపైకి చేరి నోళ్లు తెరచుచుండెను. మరునాడు మొప్పలు ఎగయు వేగము లెక్కకు అందలేదు. పిమ్మట నీలిచార వెలిసిపోయి బూడిదవన్నెకు తిరుగుట కనులార చూచితిని. మూడవనాటి ఉదయమునకు పన్నెండును పోయినవి. నా తొందరకు పన్నెండు ప్రాణములు ఖర్చయినవని ఆనాడు కలిగిన బాధ నేటికిని తీరలేదు.

ఆ మరణములకు కారణములు రెండు. మొదటిది మా నీరు. నియాన్ టెట్రా అమెజాను అడవుల నీడలో, రాలిన యాకుల రసము దిగిన మెత్తని ఆమ్లజలములో పుట్టిన జీవి. మా బోరునీరో, వందల అడుగుల క్రింద రాతిపగుళ్లలో ఎన్నాళ్లో నిలిచి, సున్నమును మెగ్నీషియమును ఇముడ్చుకొని పైకి వచ్చునది; కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టునది; మా యింటి ఆడవారు ఒక్కమాటలో "పప్పుడకని నీళ్లు" అని తేల్చివేసినది. రెండవ కారణము కంటికి కానరాదు. చేపల విసర్జనమునుండియు, తినక మిగిల్చిన మేత కుళ్లుటవలనను అమ్మోనియా పుట్టును. అది మొప్పలను కాల్చు విషము. పాతపడిన తొట్టెలో ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మఱియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగాను మార్చును. నైట్రైటు సైతము విషమే. నైట్రేటు మాత్రము, మితిమీరనంతవఱకు, చేపకు ఓర్వదగినది, మొక్కకు ఆహారమైనది. నేలలో జరుగు ఈ క్రియను రష్యా దేశపు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున నిరూపించెను. మన రైతు దిబ్బయెరువును చేనికి తోలునప్పుడు, పేరు తెలియకయే, నమ్ముకొనునది ఈ జీవులనే. నేను నింపిన కొత్తనీటిలో అవి లేవు.

ఇందు మావంటి ఊరివారు విశేషించి గమనింపవలసిన సంగతి యొకటి కలదు. నీటి పి.హెచ్. ఒక్క అంకె పెరిగినచో, అమ్మోనియాలో విషరూపమైన భాగము ఇంచుమించు పదిరెట్లగును. వేడిమి దానిని ఇంకను హెచ్చించును. కావున మెత్తనినీటి సీమలలో చెల్లిపోవు తొందరపాటు, క్షారగుణము గల మా నీటిలో, మా యెండలో, చెల్లదు.

తరువాత నాలుగు నెలలు ఆ తొట్టె బోర్లించియే యుండెను. మఱల పూనుకొన్నది మా ఊరి పాతవూరిలోని చిన్న అంగడి కుర్రవాని మాటవలన. నేను ఏదో రంగుచేపను చూపగా, అతడు వల చేతబట్టకముందే, "మీవి బోరునీళ్లా సార్, కొళాయి నీళ్లా?" అని యడిగి, బోరువని వినినంతనే, "అట్లయితే ప్లాటీలు, గప్పీలు, మోలీలు తీస్కపోండి. ఆ నీళ్లు వాటికి బెల్లం మాదిరి. దానికన్నా ముందు ఒక నెల ఉత్త నీళ్లు తిప్పుకోండి సార్" అనెను. అమ్ముకొనవలసినవాడు అమ్మక నెలదినములు ఆగుమనెను. మెట్టచేనికి వరిని తెచ్చి నాటి, పండలేదని ఏడ్చినవాడు మా సీమలో లేడు; నేలను చూచి పైరును ఎంచుకొనుట ఇచట బిడ్డలకు సైతము తెలిసిన విద్య. నీటిని చూచి చేపను ఎంచుకొనవలయునని నాకు మాత్రము అంతవఱకు తోచలేదు.

ఈమారు ఎండ నేరుగా తగులని గోడవారగా, నీరు, రాళ్లు, గాజు కలిసి 70 కిలోలకు తక్కువ కాని బరువును మోయగల ఇనుపబల్లపై తొట్టెను నిలిపితిని. వెనుకతట్టున అందముగా నుండునని తాడిపత్రి బండముక్క నొకదానిని తెచ్చి, లోపల పెట్టబోవుచు, గోటితో గీచి నిమ్మరసపు చుక్కను పిండితిని. గీతవెంట ఆవగింజలకన్న సన్నని నురుగు లేచెను. అది సున్నపురాయి, నీటిలో నానినకొలది, అసలే గట్టిదైన నీటిని ఇంకను గట్టిపరచును. దానిని తులసికోట ప్రక్కకు చేర్చి, నిమ్మరసమునకు చలింపని గులకరాళ్లను పదినీళ్లు కడిగి పఱచితిని. అందు వ్యాలిస్నేరియా మొక్కలు నాటితిని. లండనులో 1850 నాటికి రాబర్టు వారింగ్టన్ అను రసాయనజ్ఞుడు రెండు బంగారుచేపలను ఈ మొక్కతోనే గాజుతొట్టెలో పెంచి, కుళ్లిన యాకులను తినుటకు నత్తలను చేర్చి, నీటిని మార్చకయే చాలకాలము స్వచ్ఛముగా నిలుపవచ్చునని చూపెను. అతడు చూపినది నిజమే గాని, ఆవిరి యింతగా లేవని దేశమున చూపినది. ఆ సంగతి ముందు చెప్పెదను.

వడపోత యంత్రమును రేయింబవళ్లు నడుపుచు, పాతతొట్టె గల మిత్రుని యింటనుండి తెచ్చిన మురికి స్పాంజిని అందు పిండి, దినమునకొక చిటికెడు మేతను లేని చేపలకు వేసినట్లు వేయుచు నెల గడపితిని. మొదటివారము నీరు పలుచని మజ్జిగవలె తెల్లబారి, పిదప తేరెను. వచ్చినవారందఱును చేపలేవని యడుగువారే. పరీక్షనాళికలో ఆకుపచ్చ వన్నె మానివేసి, అమ్మోనియా లేదనుటకు గుర్తుగా పసుపువన్నె నిలిచినది ముప్పదినాలుగవ దినమున.

అప్పుడు నాలుగు ప్లాటీలను తెచ్చితిని. సంచిని తొట్టెనీటిపై పావుగంట తేలనిచ్చి, గిన్నెడు గిన్నెడుగా తొట్టెనీటిని సంచిలో కలిపి, పిదప వలతో చేపలను మాత్రము విడిచితిని. రెండువారములకు ఆఱు జీబ్రా డానియోలు చేరినవి. ఇవి మన దేశపు చేపలే. గంగాతీర మత్స్యములపై ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రకటించిన గ్రంథమున తొలిసారి శాస్త్రనామము నొందినవి, నేడు ప్రపంచమందలి జీవశాస్త్ర ప్రయోగశాలలలో తిరుగుచున్నవి. గుంపుగా నున్నప్పుడే వీనికి ధైర్యము. ఒక్కటిని వేఱుచేసినచో మూలకు నక్కును. తుదకు గప్పీలు, మగదానికి రెండు ఆడవి చొప్పున. దోమపిల్లలను తినునని మలేరియా సిబ్బంది నీటిగుంటలలో విడుచు చేపలలో ఇదియు నొకటి. ఏంజెలును తేలేదు, అది పెరిగి చిన్నవానిని మ్రింగును. టైగరు బార్బును తేలేదు, అది గప్పీల తోకలను కొఱుకును.

ఏప్రిలు వచ్చినతోడనే అసలు పరీక్ష మొదలయ్యెను. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడియుండగా, 35 వద్ద 7 మాత్రమే ఇముడును. చేపకు కావలసినదో వేడిమితో పెరుగును. మూత తీసి, నీటి పైభాగమునకు చిన్న పంకా గాలి తగులనిచ్చితిని. కుండ చల్లబడునట్లే తొట్టెయు రెండు మూడు డిగ్రీలు చల్లబడెను. అయితే ఆ చల్లదనము ఊరక రాదు. దినమునకు లీటరు నీరు ఆవిరియగును; ఆవిరియైనది నీరే గాని, అందలి ఉప్పులు కావు. తగ్గిన లీటరును బోరునీటితోనే నింపుచు పోయినచో, నెలలో 30 లీటర్ల నీటి ఉప్పు 50 లీటర్ల తొట్టెలో అదనముగా చేరును. చూచుటకు నీరు నిండుగా, తేటగా నుండును. లోపల అది ఎండిపోవుచున్న చెరువే. వారింగ్టన్ పద్ధతి మాకు చాలనిది ఇందువలననే.

అందుచే ఆవిరికి పోయినదానిని వాననీటితో నింపుట నేర్చితిని. 1 చదరపు మీటరు మిద్దెపై 1 మిల్లీమీటరు వాన పడిన 1 లీటరు నీరు వచ్చును. సెప్టెంబరులో తొలివానకు మిద్దె కడిగి, మలివాన నీటిని గుడ్డతో వడగట్టి రెండు డ్రమ్ములు పట్టియుంచినచో వేసవి గడచును. ఇది గాక వారమునకొకమారు 10 లీటర్ల పాతనీటిని తీసి, బోరునీటిని పోయుదును. ఆ పాతనీరు నైట్రేటుతో కూడినది. కరివేపాకు మొదటను, మల్లెపాదులోను దానిని పోసినప్పటినుండి ఆ రెండును వేసవిలో సైతము చిగురించుచున్నవి.

పెద్దాయనకు నేను చెప్పిన సమాధానము ఇదియే. బకెట్టు చేతికిచ్చి పాదు చూపితిని. ఆయన నీరు పోసి, "అంటే ఈ నీళ్లు నీ ఇంట్లో ఒక రేయి పడుకోని సెట్టుకు పోతాయి, అంతేగా" అనెను. ఒక రేయి కాదు, వారము. కాని నేను దిద్దలేదు.

గత వైశాఖమున ఆయన మఱల వచ్చెను, చేత మూతగల టిఫిను క్యానుతో. కట్టమంచివారి 'ముసలమ్మ మరణము'న కట్ట తెగవచ్చిన బుక్కరాయసముద్రపు చెరువే, ఆనాడు ఒక మూలకు ముడుచుకొని యుండెనట. మనుమనితో పోయి, ఆ అంచున ఇంకుచున్న గుంటలోనుండి దోసిలితో పట్టి తెచ్చిన వెండివన్నె చేపపిల్లలు ఐదు ఆ క్యానులో నుండెను. "నీ గాజుతొట్లో ఎయ్యి అయివారూ" అనెను. చెరువునుండి వచ్చినవానితో ఏ రోగము వచ్చునో, నెలదినములు వేఱుగా ఉంచి చూడవలయునని చెప్పి, పెరటి గాబులో వాననీరు బోరునీరు కలిపి, పైన వల కప్పి, అందు విడిచితిమి. నాటినుండి ఆయన ప్రతిసాయంకాలము వచ్చి, గాబు అంచున చేతులానించి, వంగి, పెదవులు కదలుచుండ లెక్కపెట్టును. ఐదును కలవు. "ఇంకెన్నాళ్లు?" అని యడుగును. నిన్న అడిగినప్పుడు, తొమ్మిదిదినములని చెప్పితిని.