జత కుదిర్చే చేతులు

స్టీల్‌ప్లాంటులో రిటైరైన మా మావయ్య దగ్గర 1970ల నాటి సాన్‌సుయ్ రిసీవరు ఉంది. ఓడలో పనిచేసే స్నేహితుడు తెచ్చిచ్చాడట. దాని స్పీకర్లు ఎప్పుడో పోయాయి. షష్టిపూర్తికి ఓ జత కానుకిద్దామని కూర్మన్నపాలెంలోని ఓ రేడియో మెకానిక్ దగ్గరికి వెళ్ళాను.

నేను వాట్లు అడిగాను. ఆయన నవ్వి, "ముందు రిసీవరు వెనక ఏం రాసుందో ఫోటో తీసుకురా బాబూ" అన్నాడు. ఫోటోలో స్పీకర్లకి 8 ఓమ్‌లని ఉంది. 4 ఓమ్‌ల జత తగిలిస్తే కరెంటు ఇంచుమించు రెట్టింపు లాగుతుంది. ముసలి ట్రాన్సిస్టర్లు వేడెక్కి పోతాయి. ఇక వాట్లంటారా, ఒక వాటుకి మీటరు దూరంలో 87 డెసిబెల్స్ పలికేదానికి 20 వాట్లు కావాలంటే, 90 పలికేదానికి 10 చాలు. పెట్టె మీది పెద్ద అంకెలు చూసి మోసపోయేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

సముద్రపు చెమ్మకి ఫోమ్ అంచులు పిండిపిండి అవుతాయని, గుడ్డ అంచున్న 8 అంగుళాల పాత జత తీశాడు. కోన్‌ని వేళ్ళతో మెత్తగా నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు, లోపల కాయిల్ గీసుకుంటుందేమోనని. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పరీక్ష ఉండదు! తర్వాత 1.5 వోల్టుల సెల్లు తాకించాడు. రెండు కోన్‌లూ ముందుకే ఉబికాయి. ఒకదాని తీగలు తిరగబడితే రెండిటి బేసూ ఒకదాన్నొకటి మింగేస్తాయట.

చివర్లో ప్లస్ తీగలకి చిన్న ముడి వేశాడు, కళ్ళజోడు లేకపోయినా మావయ్య తడిమి పోల్చుకునేలా.