అనంతపురము గాలికి ఒకే కొలబద్ద చాలునా?

2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వము జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమమును ప్రారంభించినది. తొలి జాబితాలో 102 నగరములుండెను. పిమ్మట చేర్చిన వానిలో అనంతపురము ఒకటి. ఢిల్లీ సరసన మన కరవుసీమ పట్టణము నిలుచుట పలువురికి వింతగా తోచినది. వింత యేమియు లేదు; చిక్కు మాత్రము వేరొకచోట నున్నది.

నగరముల ప్రగతిని ముఖ్యముగా పి.ఎం.10 తోనే కొలుచుచున్నారు. గాలిలో తేలు, పది మైక్రాన్లకు (మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవ వంతు) మించని కణముల మొత్తము బరువే ఇది. ఘనమీటరు గాలిలో దీని సాంవత్సరిక సగటు 60 మైక్రోగ్రాములు దాటరాదని 2009 నాటి ప్రమాణము. కాని త్రాసుకు బరువు తెలియునే గాని పుట్టుక తెలియదు. చేని మన్నైనను లారీ మసియైనను దానికొకటే.

ఈ జిల్లాలో ఏటి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుసెనగ పీకిన పిదప ఎఱ్ఱనేలలు మరల తొలకరి వరకు బోడిగా పడియుండును. కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములలో హగరి యేటి యిసుకను ఆషాఢపు గాలులు పొలములపైకి తోలుచున్నవి. ఇట్టిచోట వానలు బాగుగా కురిసిన యేడు అంకె తగ్గవచ్చును, కరవేడు పెరుగవచ్చును. 2017తో పోల్చి 2025-26 నాటికి 40 శాతము వరకు తగ్గింపవలెనని లక్ష్యము పెట్టిరి. అట్లయిన మేఘుని పుణ్యము, పాపము రెండును పురపాలకుల ఖాతాలోనే పడును!

ఊపిరితిత్తుల లోతులకు చొచ్చుకొనిపోవునవి 2.5 మైక్రాన్లకు లోబడిన కణములు. డీజిలు మసి ఈ తరగతిలోనిదే. దాని బరువు స్వల్పము; మన్నుతో కలిపి తూచిన మరుగున పడును. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట ఇంధనములోని గంధకమును పదిలక్షల పాళ్లలో 50 నుండి 10కి దించిరి. 44వ జాతీయ రహదారి ప్రక్కనున్న యీ ఊరికి దానివలన కలిగిన మేలెంతయో పి.ఎం.10 చెప్పజాలదు. విద్యుత్తు ఆటోకు పొగ లేదు. అయినను మట్టి అంచుల రోడ్డుపై దాని చక్రములును దుమ్ము లేపును. పొగకు మందు మంచి బస్సులు. దుమ్ముకు మందు రోడ్డు అంచులు గట్టిపరచుట, గడ్డి పెంచుట, ఊరి పడమట చెట్లవరుసలు. రెంటికి వేర్వేరు లెక్కలుండవలెను.

రోడ్లపై నీరు చల్లుట యిట్టి ప్రణాళికలలో తరచు కనబడు ఉపాయము. త్రాగునీటికి ట్యాంకరు కొఱకు కాచుకొను సీమలో, మే నెల యెండలో, అది యెంతసేపు నిలుచును?

ఉపాధ్యాయులు ఒక పని చేయింపవచ్చును. వాజలైను పూసిన గాజుపలకలను రోడ్డు ప్రక్కనొకటి, బడి తోటలో నొకటి దినమంతయు ఉంచి, సూక్ష్మదర్శినిలో చూపుడు. మన్నురేణువులు కోణములుగా, మసి నల్లని ముద్దలుగా కనబడును. అతి సన్నని మసి చాలవరకు పలకకు చిక్కదు. పైన చెప్పిన త్రాసు లోపము దీనికిని కొంత కలదు.