ఘంటాపథం ఎటు పోతుంది?

మన సభల్లో “ఘంటాపథంగా చెబుతున్నాను” అన్న మాట తరచు వినిపిస్తుంది. మా శాన్ రామన్‌లో నలుగురు తెలుగువాళ్ళం ఎవరింట్లోనో చేరి భాష గురించి మాట్లాడుకుంటే, భోజనాల వేళకి ఒక్కసారైనా అది దొర్లుతుంది. ఇంతకీ దాని అర్థమేమిటి?

నిశ్చయం చెప్పడానికి మనకి మాటల కొరత లేదు. మాట ఇవ్వడానికి “తప్పకుండా” ఉంది. లెక్క చెప్పడానికి “కచ్చితంగా” ఉంది. “రేపు తప్పకుండా వస్తాను” అంటాం గాని “రేపు ఘంటాపథంగా వస్తాను” అనం. ఇది చెప్పడం, ప్రకటించడం, వాదించడం వంటి క్రియల పక్కనే ఇముడుతుంది. అందుకే కాబోలు, గంట కొట్టినట్టు గట్టిగా చెప్పడమే దీని అర్థమని చాలామంది అనుకుంటారు. “ఘంటాపదంగా” అని రాసేవాళ్ళూ ఉన్నారు. నిజానికి ఇందులో ఉన్నది పథం, అంటే దారి. ఏనుగులు గంటల చప్పుడుతో నడిచే రాజమార్గం. అమరకోశంలోనూ ఇది పెద్దబాటకి పేరే.

భారవి కిరాతార్జునీయానికి మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం. ఆయనది మెదక్ జిల్లా కొల్చారం అంటారు. భారవి మాటలు కొబ్బరికాయ వంటివనీ, పగలగొట్టి లోపలి సారం అందిస్తాననీ ఆయన మొదట్లోనే చెప్పాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన చేసిన ప్రతిజ్ఞ కూడా ప్రసిద్ధమే. ఎవరైనా సొంతంగా నడిచి చూసుకోగల దారి వేశాడు కనక ఆ పేరు దానికి తగింది.

మన వాడుకలో జారిపోయింది ఆ దారే. “తెలుగు ప్రాచ్యదేశపు ఇటాలియన్ అని 15వ శతాబ్దంలో నికోలో కాంటి అన్నాడు” అని పిల్లలకి ఘంటాపథంగా చెబుతాం. ఇక్కడి బడిలో చదివే పిల్ల వెంటనే “ఏ పుస్తకంలో?” అంటుంది. కాంటి ప్రయాణాలని పోజియో బ్రాచోలీనీ లాటిన్‌లో రాసిపెట్టాడు. అందులో ఆ వాక్యం ఎక్కడుందో చూపించాలి. చూపించకుండా గొంతు పెంచితే ఆ పిల్లకి కాంటితో పాటు తెలుగు మీద కూడా నమ్మకం పోతుంది.

అంతకంటే మంచి బాట ఒకటుంది. అమ్మ, ఇల్లు, చెట్టు, పాట: మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి. ఇటాలియన్‌లోనూ అంతే. “మరి పుస్తకం?” అని పిల్ల అడ్డుపడితే సంతోషించాలి. పాత రూపం “పుస్తకము” చూపించవచ్చు. “పుస్తకాలు” అనిపించి, చివరి అచ్చు తననే పట్టుకోమనవచ్చు.

మా వృత్తిలో ప్రోగ్రామ్ పనిచేస్తోందని ఎంత గట్టిగా చెప్పినా పరీక్ష ఫలితాలు చూపించమంటారు. భాషాభిమానం కూడా ఆ మాత్రం ప్రశ్నకి తట్టుకోగలదు. ఈ మాట మానెయ్యమని నేననను. వాడబోయే ముందు, వెనక వచ్చే పిల్లలు నడవడానికి అక్కడ బాట ఉందో లేదో చూసుకుంటే చాలు.