నట్టు మీది బరువు

హెన్రీ పెట్రోస్కీ 1985లో ప్రకటించిన ‘టు ఇంజనీర్ ఈజ్ హ్యూమన్’ సరళమైన గ్రంథము. ఉపాధ్యాయులు తప్పక చదువదగినది. వైఫల్యములే నిర్మాణశాస్త్రమునకు గురువులని ఆయన వాదము. వంతెనల చరిత్రలో ఇది చాలవరకు నిజమే. కాని ఆయన చూపిన కాన్సాస్ సిటీ ఉదాహరణము ఈ వాదములో సరిగా ఇముడదు.

అచ్చటి హోటలులో 1981 జులై 17న వ్రేలాడు నడకవంతెనలు కూలి 114 మంది మరణించిరి. మొదటి పటము ప్రకారము, పైకప్పునుండి దిగిన కడ్డీలే ఒకదాని క్రింద ఒకటిగా నున్న రెండు వంతెనలను మోయవలెను. కడ్డీకి పొడవునా మర తీయు శ్రమ తప్పునని ఒక్కొక్క కడ్డీని రెండుగా చేసి, క్రింది వంతెనను పై వంతెన దూలములకే వ్రేలాడదీసిరి. దానితో పై దూలముల క్రింది నట్లమీద బరువు రెట్టింపయినది. (విద్యార్థులు పటము గీసి చూచినచో ఐదు నిమిషముల లెక్క!) మొదటి అమరిక సైతము నియమావళి కోరిన బలములో నూటికి 60 పాళ్లే కలదని పిదప తేలెను.

ఇందు శాస్త్రమునకు తెలియని దేమున్నది? పెద్ద నిర్మాణములలో పటము పలువురి చేతులు మారును. పెట్రోస్కీ దృష్టి పటము రచించువానిపైననే ఎక్కువగా నిలిచినది. మార్చిన పటముపై ఇంజనీరు ముద్ర పడినది. ఆ అతుకునకు లెక్క మాత్రము ఎవరును వేసియుండలేదు.