కళాకారుల ఇళ్లు: జాబితా రాసేదెవరు?

సినీ కార్మికుల సొంతింటి కోసం నటుడు ప్రభాకర్‌రెడ్డి పడ్డ కష్టాన్ని మేం చిన్నబుచ్చటం లేదు. హైదరాబాద్ మణికొండలో 67 ఎకరాల చిత్రపురి కాలనీ ఆయన పేరుమీదే ఉంది. మా విమర్శ సహకార సంఘం పద్ధతి మీద. సభ్యుడికే ఇల్లు, సభ్యుడికే ఓటు, ఆ ఓట్లతోనే పాలకవర్గం. సభ్యత్వానికి గీటురాయి సినిమా పని. ఒకే కాలనీలో చిన్న ఫ్లాట్లూ లేచాయి, రో హౌసులూ లేచాయి. ఎవరి వాటా ఎంతో తేల్చేది పాలకవర్గమే.

మరి మా చెరుకుపల్లి వైపు చావుకీ జాతరకీ డప్పు కొట్టే మాదిగ కళాకారుడికి సినిమా యూనియన్ కార్డు ఎక్కణ్ణించి వస్తుంది? వాడలో మోగితే కులవృత్తి, తెరమీద మోగితే కళ! ఈ తేడా గీసిందెవరు?

డప్పు, బుర్రకథ, కోలాటం కళాకారులకు ఇళ్ల సంఘాలు కావాలి. వాటి పాలకవర్గాల్లో దళితులు, దళిత స్త్రీలు కూర్చోవాలి. జాబితా రాసే చేతులు మనవి కానంతకాలం అందులో మన పేర్లుండవు.