ఆదివారము నాటి నాటకము

యుద్ధకాలమున దాదాపు ఏడేండ్లు మూతవడియుండిన టెలివిజన్ ప్రసారములను బి.బి.సి. వారు 1946 జూన్ 7వ తేదీని లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుండి పునఃప్రారంభించిరి. వీడియో టేపు అప్పటికింకను పుట్టలేదు. 1956లో అమెరికాలో ఆంపెక్స్ సంస్థ దానిని వెలువరించువఱకును, నటుడు స్టూడియోలో పలికిన మాట ఆ క్షణముననే ఇండ్లలో వినబడుచుండెను. కొంతకాలము రంగస్థలముపై మెలగినవాడను గావున, ఆ యంత్రముల చరిత్రకంటె ఆ నటుల సాధనయే నన్ను మిక్కిలి ఆకర్షించును.

1954 డిసెంబరు 12, ఆదివారము రాత్రి, బి.బి.సి. వారి లైమ్ గ్రోవ్ స్టూడియోలో జార్జ్ ఆర్వెల్ నవల ‘నైన్టీన్ ఎయిటీఫోర్’ నాటకరూపమున ప్రదర్శింపబడెను. నాటకీకరించినవాడు నైజెల్ నీల్. దర్శకుడు రుడాల్ఫ్ కార్టియర్. నాయకపాత్ర పీటర్ కుషింగ్‌ది. ఒక కెమెరా ఒక గదిని చూపుచుండగా, మఱియొకటి బరువైన కేబుళ్ళను ఈడ్చుకొనుచు, చప్పుడు కానీయక తరువాతి సెట్టునకు చేరవలెను. దర్శకుడు కూర్చుండు గ్యాలరీ నుండి సంజ్ఞ వచ్చునప్పటికి నటుడచట సిద్ధముగా నుండవలెను. వేషము మార్చుకొనుటకును, సెట్టు మారుటకును వ్యవధి చిక్కుటకై, ముందుగా ఫిల్ముపై తీసిన దృశ్యములను నడుమ నడుమ చొప్పించిరి. ఆ కొద్దిపాటి వ్యవధిలో పరుగెత్తి వచ్చిన మనుష్యుని ఎగయూపిరి ప్రేక్షకునకు తెలియరాదు. వాద్యబృందము సయితము వేఱొక స్టూడియోలో కూర్చుండి, తెరపై నటులను కనిపెట్టుచు, అప్పటికప్పుడే వాయించెను.

మన పద్యనాటకములలో ‘వన్స్ మోర్’ అను కేక వినబడగానే నటుడు పద్యమును మరల నెత్తుకొనును. ఆ చప్పట్లనడుమ అతనికి గుండెనిబ్బరము కలుగును. లైమ్ గ్రోవ్ నటునకు లక్షలాది ప్రేక్షకులుండియు, వారి నుండి ఒక్క చప్పట్టైన చెవినబడదు. ఆ నిశ్శబ్దమున నిలిచి నటించుట నా దృష్టిలో నటనాకళకు పెట్టిన మిగుల కఠినమైన పరీక్ష.

నాటకములోని హింసాదృశ్యములకు కలతచెంది పలువురు నిరసన తెలిపిరి; పార్లమెంటులో సయితము ఆ మాట వచ్చెను. అయినను, గురువారము 16వ తేదీని నటులందఱును మరల వచ్చి, మరల వేషములు ధరించి, నాటకమును ఆద్యంతము రెండవమారు నటించిరి. ఆ ప్రదర్శనమును మాత్రము చిన్నతెర కెదురుగా ఫిల్ము కెమెరాను నిలిపి పట్టిరి. నేటికి మిగిలినది అదియే. ఆదివారము నాటిది పోయినది. అదే రచయితయు, అదే దర్శకుడును 1953లో వెలయించిన ‘ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’ ఆరు భాగములలో మొదటి రెండు మాత్రమే దక్కినవి.

నిలువదని తెలియుటచేతనే వారట్లు ప్రాణముపెట్టి నటించిరని కొందఱందురు. నేనంగీకరింపను. వారిని నిలిపినది రిహార్సలు: స్టూడియోలో కాలిడుటకు ముందే, అడుగెచట పడవలెనో నేలపై గీసిన గుర్తులను చూచుకొనుచు చేసిన అభ్యాసము. ఎన్ని టేకులైనను తీసికొనగల మన టీవీ సీరియళ్ళ నటులును, పరిషత్తు నాటకములాడు యువకులును ఆ గురువారపు ఫిల్మును తీరికగా ఒక్కమారు చూడవలెనని నా మనవి.