రెండు కాలాపానీలు

ఒకే పేరు గల రెండు చలనచిత్రాలు ముప్పది యెనిమిదేండ్ల వ్యవధిలో మన దేశంలో వెలువడినవి. మొదటిది 1958లో రాజ్ ఖోస్లా దర్శకత్వంలో నవకేతన్ సంస్థ తీసిన హిందీ చిత్రం. రెండవది 1996లో ప్రియదర్శన్ దర్శకత్వంలో వచ్చిన మలయాళ చిత్రం. రెండింటి పేరు ‘కాలాపానీ’యే. రెండింటిలోను చేయని నేరానికి శిక్ష పడినవాడొకడున్నాడు. ఏండ్లు గడచిన పిమ్మట అతని జాడ వెదకుతూ బయలుదేరిన పడుచువాడొకడున్నాడు. కథాబీజంలో ఇంత సామ్యమున్నా మొలచిన చెట్లు రెండూ వేరు జాతివి. వీటిలో ఏది మేలైన చిత్రమన్న వాదం ప్రేక్షకుల కాలక్షేపంతో తీరిపోయేది కాదు. నేరకథకు కళలో ఉన్న స్థానమెట్టిది, న్యాయం దారితప్పినప్పుడు కథకుడు దేనిని నమ్మి కథ చెప్పాలి అన్న ప్రశ్నలు దీనిలో ఇమిడి ఉన్నవి. అవి రచయితలకు చెందిన ప్రశ్నలు.

ముందుగా ఒక వింతను గమనించాలి. 1958నాటి చిత్రానికి అండమాను పేరున్నదే కాని కథ అండమానుకు పోదు. అది నడిచేది హైదరాబాదులో. చనిపోయినాడని తల్లి చెప్పగా నమ్మి పెరిగిన కరణ్‌కు తన తండ్రి బ్రతికే ఉన్నాడనీ, ఒక వేశ్యను హత్య చేసినాడన్న నేరంపై పదిహేనేండ్లుగా హైదరాబాదు జైలులో ఉన్నాడనీ తెలుస్తుంది. అప్పటినుండి అతని ప్రయాణం. ఆ పదిహేనేండ్లను చిత్రం విడుదలైన సంవత్సరం నుండి వెనుకకు లెక్కించితే 1943 వస్తుంది. ఆనాటికి హైదరాబాదు నిజాము రాజ్యం. అండమాను దీవులు 1942 మార్చి మొదలు 1945 అక్టోబరు వరకు జపానువారి హస్తగతం. ఎవరినీ ద్వీపాంతరం పంపే అవకాశమే లేదు. యుద్ధానంతరం ఆ శిక్షాస్థావరాన్ని ఎత్తివేసినారు. 1955లో చేసిన సవరణచట్టంతో, 1956 జనవరి నుండి, భారత శిక్షాస్మృతిలోని ద్వీపాంతరవాసశిక్ష అన్న మాట కూడ తొలగి దాని స్థానంలో యావజ్జీవ కారాగారశిక్ష వచ్చినది. చట్టంలో చచ్చిన మాట జనుల నోట చావలేదన్న మాట. నాలుగు గోడల నడుమ ఎక్కడ మ్రగ్గినా అది కాలాపానీయే. చిత్రం ఆ పేరు పెట్టుకొనడంలో అనౌచిత్యమేమీ లేదు. నల్లనీరు ఇక్కడ సముద్రం కాదు, కొడుకుకూ తండ్రికీ మధ్య నిలిచిన పదిహేనేండ్లు.

ఈ కథ పుట్టినిల్లు భారతదేశం కాదు. ఎ. జె. క్రోనిన్ ఆంగ్ల నవల ఒకటి దీనికి మూలం. దానిని 1955లో అగ్రదూత్ బృందం ‘సబార్ ఉపరే’ అన్న పేర వంగభాషలో చిత్రించింది. ఉత్తమ్ కుమార్, సుచిత్రా సేన్ నటించిన ఆ చిత్రంలో తండ్రి వేషం ధరించిన ఛబి బిశ్వాస్ తన పోయిన ఏండ్లను తిరిగి ఇమ్మని అడిగిన ఘట్టాన్ని బెంగాలీలు నేటికీ తలచుకొంటారు. హిందీలో తండ్రిపాత్రకు అంతటి బలం లేదు. కాని బెంగాలీ చిత్రం నుండి హైదరాబాదుకు దిగుమతి అయ్యేసరికి మరొక పాత్ర ఆ బలాన్ని పుంజుకొన్నది. ఆమె కిశోరి, నళినీ జయవంత్ ధరించిన వేశ్యపాత్ర.

అసలు దోషి గుట్టును బయటపెట్టగల ఉత్తరమొకటి కిశోరి చేతిలో ఉన్నది. దానిని రాబట్టడానికి కరణ్ కవినంటూ, ప్రేమికుడినంటూ ఆమె మేడ ఎక్కుతాడు. అబద్ధపు సాక్ష్యంతో కూలిన తండ్రిని నిలబెట్టడానికి కొడుకు తానే ఒక అబద్ధమై నిలుస్తాడు. చిత్రానికి ఆయువుపట్టు ఇదే. దేవానంద్ ఈ పాత్రకు 1959లో తన తొలి ఫిలింఫేర్ ఉత్తమనటుడి బహుమానాన్ని అందుకొన్నాడు; నళినీ జయవంత్‌కు ఉత్తమ సహాయనటి బహుమానం లభించింది. రెండవ బహుమానమే ఎక్కువ న్యాయమైనదని చెప్పక తప్పదు. కరణ్ తన పనిని నెరవేర్చుకొంటున్నాడు గనుక అతనికి ఊరట ఉన్నది. కిశోరికి అట్టి ఊరట లేదు. వలపు నిజమని నమ్మినది ఆమె ఒక్కతే. ఎస్. డి. బర్మన్ బాణీకి రఫీ పాడిన ఏకాంతగీతాన్ని వినునప్పుడు ఆమె ముఖంలో కదలిన భావాన్ని చూచినవారు, ఇక ఆ ఉత్తరం దొరికినా దొరకకున్నా ఒకటేనన్న చోటికి వస్తారు. నేరపరిశోధన కథకు ఇంతకు మించిన పరీక్ష లేదు: రహస్యం విడిపోయిన తరువాత కూడ ఏమైనా మిగిలి ఉండాలి.

మన సాహిత్యంలో ఈ పాత్రకు తోబుట్టువులున్నారు. శూద్రకుని మృచ్ఛకటికంలో చారుదత్తునిపై హత్యానేరం మోపుతారు. చంపబడినదనుకొన్న వసంతసేన వచ్చి నిలిస్తేనే అతనికి వధ్యశిల తప్పుతుంది. గురజాడవారి కన్యాశుల్కంలో లేని పెండ్లికూతురిని చంపినాడని లుబ్ధావధాన్లపై కేసు నడుస్తుంది. చిక్కు విప్పగల నిజం మధురవాణి వద్దనే ఉన్నది. మూడు చోట్లా న్యాయస్థానం గ్రుడ్డిది, వేశ్య కన్నులు గలది. అయితే మధురవాణి తన నిజాన్ని తానే బేరమాడి, తాను ఎన్నుకొన్నవానికి ఇచ్చింది. సౌజన్యారావు పంతులే ఆమె యెదుట పరీక్షకు నిలిచినాడు. కిశోరికి ఆ స్వాతంత్ర్యం లేదు. నిజాన్ని ఆమె చేతినుండి మొదట మోసంతో లాగజూచినారు. అందుచేతనే, కడకు సత్యం తేలడానికి ఆమె చేయి తోడైనప్పుడు, కథ ముగింపులో సుఖం కొంత చేదుగా తోస్తుంది. దర్శకుడు ఈ చేదును పూర్తిగా ఒప్పుకొన్నాడా అంటే లేదు. పత్రికలో పనిచేసే ఆశను, అనగా మధుబాలను, కరణ్ పక్కన నిలిపి తెర దించినాడు. ఆశ పాత్ర చక్కని నవ్వు, చురుకైన మాట. అంతకంటె ఏమీ కాదు. హాస్యఘట్టాలు కూడ అక్కడక్కడ నడకకు అడ్డుతగులుతవి. కాని లోపాలు అంచులకే పరిమితమైనవి. నడుమ ఉన్న మోసం, ఆ మోసానికి మూల్యం చెల్లించిన స్త్రీ చెక్కుచెదరలేదు.

ప్రియదర్శన్ చిత్రం సముద్రం దాటినది. పోర్టుబ్లెయిరులో, సెల్యులర్ జైలు ప్రాంగణంలోనే దానిని చిత్రించినారు. ఆ ఊరికి 2024లో శ్రీవిజయపురమని పేరు మారింది. జైలు పేరు మారలేదు. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన ఆ కట్టడం చక్రపు ఆకులవలె ఏడు బారులతో నిలిచేది. ఒక బారు ముఖం మరొక బారు వీపును చూస్తుంది. ఖైదీకి ఎదుట కనిపించేది ఎప్పుడూ గోడయే. మరొక ఖైదీ ముఖం కాదు. ఇట్టి శిల్పం తానే ఒక నాటకం. ఛాయాగ్రాహకుడు సంతోష్ శివన్, కళాదర్శకుడు సాబు సిరిల్ దీనిని గ్రహించినారు. వారిద్దరికీ జాతీయ పురస్కారాలు లభించినవి. ఏడు బారులలో నేడు మిగిలినవి మూడే. తక్కినవి జపానువారి కాలంలో కొన్ని, స్వాతంత్ర్యానంతరం కొన్ని నేలమట్టమైనవి. 1979 ఫిబ్రవరిలో జాతీయస్మారకంగా ప్రకటించిన ఆ మిగులును చూచినప్పుడు కలిగే దిగులు కంటె, చిత్రంలో నిండుగా నిలిచిన జైలును చూచినప్పుడు కలిగే భయం ఎక్కువ. ఇది చిన్న విజయం కాదు.

కథానాయకుడు గోవర్ధనుడు వైద్యుడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రైలుపై బాంబు వేసినాడన్న అబద్ధపు ఆరోపణతో, పెండ్లినాడే అతనిని పట్టి అండమాను పంపుతారు. 1965లో సేతు అనే సైనికోద్యోగి, తన అత్త పార్వతి భర్తయైన గోవర్ధనుని గతి ఏమైనదో తెలుసుకొనడానికి ఆ జైలుకు వస్తాడు. పాత కాగితాల నుండి కథ తెరుచుకొంటుంది. గోవర్ధనుడుగా మోహన్‌లాల్ నటన నిగ్రహానికి పరాకాష్ఠ. అధికారి బూటును నాలుకతో నాకవలసి వచ్చిన ఘట్టంలో అతడు కేకలు వేయలేదు, కన్నీరు కార్చలేదు. చూపరి తల తానే వంగుతుంది.

ఇంతవరకు చిత్రం మహోన్నతం. జారుడు మొదలయ్యేది దుష్టపాత్రల వద్ద. డేవిడ్ బారీ చరిత్రలో నిజంగా ఉన్న జైలరు. అతని క్రౌర్యాన్ని ఖైదీలు తమ స్మృతులలో వ్రాసినారు. అతనికి తోడు అమ్రిష్ పురి ధరించిన మీర్జాఖాన్. వీరిద్దరూ ఎంత భీకరంగా చిత్రింపబడినారంటే, క్రమంగా జైలు కనుమరుగై ఇద్దరు రాక్షసులు మాత్రమే కనిపిస్తారు. కడకు గోవర్ధనుడు ఇద్దరినీ చంపి ఉరికంబం ఎక్కుతాడు. ప్రేక్షకుడి కసి తీరుతుంది. కాని చరిత్రలో బారీ ఖైదీ చేతిలో చావలేదు. అట్టి కల్పన చేసే హక్కు కళాకారునికి ఉన్నది, సందేహం లేదు. చిక్కు మరొకచోట ఉన్నది. సెల్యులర్ జైలును లొంగదీసినది ఒక వీరుని బాహుబలం కాదు, అన్నం ముట్టని మనుష్యుల ఓర్పు. 1933 దీక్షలో మహావీర్ సింగ్, మోహిత్ మైత్ర, మోహన్ కిశోర్ నామదాస్ ప్రాణాలు విడిచినారు. 1937 దీక్ష దేశాన్నంతటినీ కదిలించినది. మరుసటి సంవత్సరం మొదటికి రాజకీయఖైదీలు స్వదేశానికి చేరినారు. ఒక దుర్మార్గుని చంపితే తీరిపోయే దుఃఖంగా ఆ జైలును చూపడం దానిని చిన్నది చేయడమే. దుర్మార్గం బారీలో లేదు, ఏడు బారుల కట్టడంలో ఉన్నదని తొలిభాగంలో కెమెరా చెప్పినదానిని కథ చివరిభాగంలో మరచిపోయినది.

దీనికి ప్రతివాదం లేకపోలేదు. మొదటి కాలాపానీ ఒక కుటుంబం గోడు, రెండవది జాతి గోడు. వస్తుగౌరవంలో పోలికేమున్నదని అనవచ్చును. మొదటిది చట్టాన్ని నమ్మిన చిత్రం: న్యాయరక్షకుడై నిలవవలసినవాడే సత్యాన్ని మరుగుపరచినా, సాక్ష్యం దొరికితే అదే న్యాయస్థానం తప్పు దిద్దుకొంటుంది. రెండవది చట్టమే నేరస్థుడైన కాలాన్ని చూపింది: చేయని నేరానికి గోవర్ధనునికి ద్వీపాంతరం, ఆ ద్వీపాంతరమే చేయించిన హత్యకు ఉరి. ఆలోచనలో రెండవదే లోతైనదని ఒప్పుకోవలసినదే. కాని వస్తుగౌరవం చిత్రగౌరవం కాదు. గొప్ప వస్తువుపై వ్రాసిన సామాన్యకావ్యాలు మనకు కొరత లేదు. అనౌచిత్యం వలననే రసం భంగమవుతుందన్న ఆనందవర్ధనుని సూత్రాన్ని ఇక్కడ తలచుకొనవచ్చును. గోవర్ధనుని నిగ్రహం నుండి పుట్టిన కరుణరసాన్ని చివరి రౌద్రం మ్రింగివేసింది. రాజ్ ఖోస్లా చేపట్టినది చిన్న వస్తువు. తాను పట్టిన దారాన్ని అతడు తెగనీయలేదు. నేరకథగా, నాటకంగా 1958నాటి చిత్రమే మేలైనది.

ఒక్క విషయంలో మాత్రం తీర్పు తారుమారవుతుంది. వెదకబోయిన ఇద్దరు పడుచువారూ ఒక స్త్రీతో అబద్ధమాడతారు. నిజం రాబట్టడానికి కరణ్ కిశోరితో ఆడినాడు. నిజం తెలిసిన పిమ్మట సేతు దానిని పార్వతికి చెప్పక దాచినాడు. పెండ్లినాటి నుండి ఎదురుచూచిన వృద్ధురాలికి, నీ భర్తను ఎన్నడో ఉరితీసినారని చెప్పడం న్యాయమా, చెప్పకపోవడం న్యాయమా? కరణ్ అబద్ధానికి చిత్రం క్షమాపణ వెదకింది. సేతు అబద్ధాన్ని చిత్రం అట్లే వదలిపెట్టినది. రౌద్రమంతా చల్లారిన పిమ్మట వచ్చే ఆ కొద్ది నిముషాలలో ప్రియదర్శన్ తన కథను తిరిగి దక్కించుకొన్నాడు. 1958నాటి చిత్రంలో ఇంత నిశ్శబ్దమైన ఘట్టం లేదు.

తెలుగువారిలో అధికులు రెండవ చిత్రాన్ని డబ్బింగు రూపంలోనే చూచినారు. అనువాదంలో పోయినదేమిటో చెప్పుకోవాలి. మూలంలో మలయాళంతో పాటు తమిళం, హిందీ, ఇంగ్లీషు వినిపిస్తవి. ఒకరి భాష మరొకరికి రాని మనుష్యులను ఒక గానుగకు కట్టిన చోటు అది. భాషల గందరగోళం ఆ శిక్షలో ఒక భాగం. అందరి నోటా ఒకే తెలుగు పలికించేసరికి ఆ ఒంటరితనం సగం కరిగిపోయినది. గోవర్ధనుడూ ముకుందుడూ ఒకరి నొకరు గుర్తించుకొనే ఘట్టాలలో మలయాళీ, తమిళుడూ చేరువ కావడం ఉన్నది; తెలుగులో ఇద్దరు తెలుగువారు మాటలాడుకొంటున్నట్లు ఉన్నది. ముకుందుని తమిళాన్ని తమిళంగానే ఉంచి ఉంటే ఎవరికీ అర్థం కాకపోయేదన్న భయం అనవసరం. అండమానులో నేటికీ అంగళ్ళ వద్ద నాలుగు భాషలు కలగలసి నడుస్తున్నవి. 2011 జనాభా లెక్కలలో అక్కడ నూటికి సుమారు పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు.

ఆ జైలుకు తెలుగువారు ప్రేక్షకులు మాత్రమే కారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అక్కడ ఏండ్లు గడిపి వచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికైనాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరం వెంకటాచారి కూడ ఆ గదులలో ఉన్నవాడే. బాంబు కేసు, ద్వీపాంతరం, తిరిగి రాక: మలయాళ చిత్రానికి కల్పించవలసి వచ్చినవన్నీ కాకినాడ కాగితాలలో ఉన్నవి.